అద్దం అవతల బిడ్డ, ఇవతల తల్లిదండ్రులు

నెలలు నిండకుండా పుట్టి ఊపిరి అందని బిడ్డను ఎన్‌ఐసీయూకి తీసుకెళతారు. తల్లి కాన్పు వార్డులోనే ఉంటుంది. డాక్టరు గారు బయటికొచ్చి తండ్రికి చెబుతారు. ఆయన సగం విని, అందులో సగం దాచి, భార్యతో "అంతా బాగుంది" అంటాడు. దాచేది ప్రేమతోనే. కానీ నిజం తెలిసిన రోజు ఆమెకు డాక్టరు మీదా, భర్త మీదా నమ్మకం పోతుంది. అందుకే ఇద్దరికీ కలిపి చెప్పమని అడగండి. తల్లికి ఉర్దూయే బాగా వస్తే, ఆ భాష తెలిసిన నర్సమ్మను పిలవమనండి.

వెంటిలేటర్ అనగానే మనకు చివరి ఘడియ గుర్తొస్తుంది. ఇలాంటి బిడ్డల ఊపిరితిత్తుల్లో, అవి ముడుచుకుపోకుండా ఆపే సర్ఫాక్టెంట్ అనే పదార్థం తక్కువగా ఉంటుంది. అవసరమైతే దాన్ని మందుగా గొట్టం ద్వారా ఇచ్చి, ఊపిరితిత్తులు కుదురుకునేదాకా మిషన్ సాయం పెడతారు. కొందరికి కొద్ది రోజులు చాలు. కొందరు తట్టుకోలేరు. సంతకానికి ముందు "ఇది ఎందుకు? ఈరోజు బిడ్డకు పెద్ద ప్రమాదం ఏమిటి?" అని అడగండి. అర్థమైనది మీ మాటల్లో తిరిగి చెప్పండి. "ఇప్పుడే చెప్పలేం" అని డాక్టరంటే తప్పించుకున్నట్టు కాదు, చాలాసార్లు అదే నిజం.

ప్రభుత్వ నవజాత శిశు వార్డుల్లో తల్లిదండ్రులను లోపలికి రానిచ్చి, బిడ్డ సంరక్షణ నేర్పాలని కేంద్ర ఆరోగ్యశాఖ 2017లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. చెవిలో అజాన్ చెప్పాలనుకుంటే ఎప్పుడు రావచ్చో నర్సును అడగండి. మొహమాటపడి తలుపు దగ్గర్నుంచే వెనుదిరిగే దాదాలున్నారు.

డాక్టర్లకూ ఒక విన్నపం. బిడ్డకు పేరు పెట్టి ఉంటే 'బేబీ ఆఫ్ ఫలానా' అనకుండా ఆ పేరుతోనే చెప్పండి.