గోడ చెప్పిన దిక్కు

ఎల్‌సీడీ తెరలు తయారయ్యే కార్ఖానాలోకి ధూళి కణాన్ని కూడా రానివ్వరు. గాలిని వడగడతారు, పనివాళ్లను నెత్తి నుంచి కాళ్ల దాకా తొడుగుల్లో కప్పేస్తారు. అంత మడి కట్టుకున్న చోట, దశాబ్దాలుగా, రోలరుకు మఖమల్ గుడ్డ చుట్టి గాజు పలకలను రుద్దుతూ వచ్చారు. గుడ్డ అంటే నూగు రాలుతుంది. రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తు సన్నని ట్రాన్సిస్టర్లను కాల్చేయగలదు. ఇదంతా తెలిసీ మానలేకపోయారు, ఆ రుద్దుడు లేనిదే తెర మీద బొమ్మ కుదరదు కాబట్టి.

నిజానికి గుడ్డ తగిలేది గాజు మీద పూసిన పాలీఇమైడ్ అనే ప్లాస్టిక్ పొరకు. దాని మందం సుమారు వంద నానోమీటర్లు. గుడ్డ ఏ దిక్కుగా నడిస్తే, ఆ పొరను ఆనుకున్న ద్రవస్ఫటికపు అణువులు ఆ దిక్కుగానే పడుకుంటాయి. ఎల్‌సీడీ కథ చెప్పేవాళ్లంతా ద్రవాన్నే పొగుడుతారు. నన్నడిగితే సగం కథ గోడది, అంటే ద్రవాన్ని ఆనుకున్న ఆ పొరది.

ద్రవం సంగతి క్లుప్తంగా. 1888లో ప్రాగ్‌లో ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త కొలెస్టరిల్ బెంజోయేట్‌ను వేడి చేశాడు. 145.5 డిగ్రీల దగ్గర అది కరిగింది, కానీ మబ్బుగా ఉండిపోయింది. 178.5 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా తేటపడింది. ఆ మబ్బు ద్రవాన్ని జర్మనీలో ఒట్టో లేమాన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసి, ఇది పారుతుంది, కానీ కాంతి విషయంలో స్ఫటికంలా ప్రవర్తిస్తుంది అని తేల్చాడు. ఇలాంటి పదార్థాల్లో మన తెరలకు ఎక్కువగా పనికొచ్చింది నెమాటిక్ అనే రకం. దాని అణువులు పుల్లల్లా పొడుగ్గా ఉంటాయి. ఒక్కొక్కటి ఎక్కడ ఉండాలో నియమం లేదు, అటూ ఇటూ ఈదుతూనే ఉంటాయి. కానీ పక్కదానితో సమాంతరంగా ఉండటం మాత్రం వదలవు.

అసలు కిటుకంతా ఇక్కడుంది. అణువులన్నీ ఒకే దిక్కుకు చూడాలన్నదే నెమాటిక్ పట్టుదల. ఆ దిక్కు తూర్పా ఉత్తరమా అన్నది దానికి పట్టదు, ఏ దిక్కైనా దానికి ఖర్చు ఒకటే. ఇలా ఎటూ మొగ్గని చోట ఎంత చిన్న బలమైనా తీర్పు చెప్పగలదు. వరినాట్లలో మొదటి సాలు తాడు పట్టి వేస్తే మిగతా సాళ్లు ముందు సాలును చూసుకుంటూ సాగుతాయి కదా, గోడ పక్కన మొదటి వరుస అణువులు చేసే పని అదే. అణువు పొడవు 2 నానోమీటర్లు, తెరలో ద్రవం మందం సుమారు 5 మైక్రాన్లు. అంటే పొడవుకు వేల రెట్ల దూరం దాకా గోడ మాట చెల్లుతుంది. మామూలు నీటిలో అయితే గోడ ప్రభావం కొన్ని అణువుల దూరానికే చెరిగిపోతుంది.

దీన్ని మొదట చక్కగా వాడుకున్నవాడు ఫ్రాన్స్‌కు చెందిన ఖనిజ శాస్త్రవేత్త షార్ల్ మోగాన్. 1911లో రెండు గాజు పలకల మధ్య నెమాటిక్‌ను ఉంచి ఒక పలకను మెల్లగా తిప్పాడు. ఈ గోడ ఒక దిక్కు, ఆ గోడ మరో దిక్కు చెబుతుంటే, మధ్యలోని అణువులు మెట్టుమెట్టుగా తిరిగి ఇద్దరి మాటా నిలబెట్టాయి. లోపలికి వెళ్లిన ధ్రువిత కాంతి కూడా ఆ మెలికను అనుసరించి తిరిగి బయటికొచ్చింది. 1913లో అతనే అభ్రకం మీద ప్రయోగాలు చేశాడు. మన గూడూరు గనుల్లో తవ్విన లాంటిదే, పొరలు పొరలుగా విడివడే ఖనిజం అది. అప్పుడే చీల్చిన పొర మీద ఆ స్ఫటికపు అమరికే అణువులకు దిక్కు చూపించింది. 1940లలో పియెర్ షాట్లాన్ గాజును ఒకే వైపుకు రుద్దితే ఏం జరుగుతుందో శ్రద్ధగా పరిశీలించి రాశాడు. అప్పట్లో ఎవరికీ దానితో అవసరం పడలేదు.

మధ్యలో లెనిన్‌గ్రాడ్ నుంచి మరో ముక్క వచ్చి చేరింది. 1927 ప్రాంతంలో ఫ్రెడెరిక్స్ అనే భౌతికశాస్త్రవేత్త అయస్కాంత క్షేత్రంతో ఈ అణువులను తిప్పి చూశాడు. క్షేత్రం ఒక హద్దు దాటేదాకా అణువులు కదల్లేదు. దాటాక కూడా ముందు లొంగినవి మధ్యలోనివే. గోడ పక్కనున్నవి పట్టు వదల్లేదు, క్షేత్రం తీసేయగానే అవే మిగతావాటిని మళ్లీ దారిలోకి తెచ్చాయి. ఎల్‌సీడీలో జరిగేదీ ఇదే. తెర మీది చుక్కను ఒక స్థితిలోకి తోసేది అయస్కాంతానికి బదులు కరెంటు, వెనక్కి లాక్కొచ్చేది గోడ.

ఈ ముక్కలను కలిపినవాడు వోల్ఫ్‌గాంగ్ హెల్‌ఫ్రిష్. 1968లో ఆర్‌సీఏ సంస్థ తొలి ద్రవస్ఫటిక తెరలను లోకానికి చూపించినప్పుడు, అవి ద్రవంలో కల్లోలం రేపి కాంతిని చెదరగొట్టే రకం. హెల్‌ఫ్రిష్ అక్కడే పనిచేస్తూ మెలికపెట్టిన అమరిక ఆలోచన చెప్పాడు, దానికి కాంతిని ధ్రువితం చేసే రెండు పోలరాయిడ్ రేకులు కావాలనడంతో ఎవరూ ఆసక్తి చూపలేదు. 1970లో ఆయన స్విట్జర్లాండ్‌లోని హాఫ్‌మన్-లా రోష్‌కు వెళ్లి మార్టిన్ షాట్‌తో కలిసి దాన్ని చేసి చూపాడు. డిసెంబరు 4న పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. రెండు గోడలను ఒకదానికొకటి లంబంగా రుద్దడం, మధ్యలో 90 డిగ్రీల మెలిక, కొద్ది వోల్టులు ఇస్తే మెలిక విప్పుకోవడం, అంతే. 1973లో ఇంగ్లండ్‌లోని హల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ గ్రే బృందం గది వేడిమిలో నిలకడగా ఉండే ద్రవస్ఫటికాలను ప్రకటించింది. అదే ఏడాది సీకో సంస్థ ఇలాంటి తెర ఉన్న ఆరంకెల చేతిగడియారం అమ్మకానికి పెట్టింది.

గోడకు ఇంకో సూక్ష్మమైన పని కూడా ఉంది. అణువు పూర్తిగా పడుకుంటే, వోల్టేజి ఇచ్చినప్పుడు ఏ కొస పైకి లేవాలో తెలియక తలా ఒక వైపు లేస్తాయి, తెర మీద మచ్చలు పడతాయి. రుద్దిన పొర అణువు ఒక కొసను కొద్ది డిగ్రీలు ఎత్తి ఉంచుతుంది, ఆ తగాదా తీరుతుంది.

రుద్దితే ఎందుకు వరుసకొస్తాయన్న ప్రశ్నకు మాత్రం జవాబు ఆలస్యంగా దొరికింది. 1972లో బెల్ లాబ్స్‌లో డ్వైట్ బెర్రెమన్ గీతల వాదం వినిపించాడు. రుద్దినప్పుడు సన్నని చాళ్లు పడతాయి, చాళ్లకు అడ్డంగా పడుకుంటే అణువుల వరుస ఎగుడుదిగుడుగా వంగాలి, అందుకే చాళ్ల వెంట పడుకుంటాయి అని లెక్కకట్టాడు. లెక్క తప్పు కాదు. కానీ చాళ్లు కనిపించని నునుపైన పొరలు కూడా అణువులను వరుసకు తెస్తున్నాయి. 1995లో ఐబీఎమ్ శాస్త్రవేత్తలున్న బృందం ఎక్స్‌రేలను ఉపరితలానికి దాదాపు తాకుతూ పంపి చూస్తే, పాలీఇమైడ్ గొలుసులే పైపొరలో గుడ్డ నడిచిన వైపుకు సాగి ఉన్నాయి. అణువులు ఆ గొలుసులను చూసి పడుకుంటున్నాయి. అప్పటికి గడియారాలు, కాలిక్యులేటర్లు, లాప్‌టాప్‌లు లెక్కలేనన్ని అమ్ముడయ్యాయి. ఇంజనీర్లు కారణం కోసం ఆగి ఉంటే అవేవీ పుట్టేవి కావు.

గుడ్డను తప్పించే దారి కాంతిలో దొరికింది. 1988లో జపాన్‌లో ఇచిమురా బృందం, అజోబెంజీన్ అణువులు అతికించిన గాజు మీద కాంతి పడగానే ఆ పైన ద్రవమంతా నిలబడ్డ స్థితి నుంచి పడుకోవడం చూపించింది. 1992లో షాట్ ధ్రువిత అతినీలలోహిత కిరణాలతో పొరకు దిక్కు నేర్పాడు. 2009లో షార్ప్ సంస్థ పెద్ద టీవీ పలకలకు అలాంటి పద్ధతినే వాడుతున్నట్లు ప్రకటించింది. తాకకుండానే గోడకు దిక్కు వచ్చేసింది, నూగు లేదు, నిప్పురవ్వ లేదు.

గోడ ఇంత సున్నితమైతే దాన్ని కొలిచే పరికరంగానూ వాడవచ్చు. 1998లో అమెరికాలో నికొలస్ అబాట్ బృందం పలుచని బంగారు పూతను ఏటవాలుగా పరిచి, దాని మీద ఒక ప్రొటీన్‌ను పట్టుకునే అణువులను అమర్చింది. ప్రొటీన్ రాకముందు ద్రవస్ఫటికం వరుసగా ఉంది. కొద్ది నానోమీటర్ల ప్రొటీన్ పూత పరుచుకోగానే బంగారు పూత గరుకుతనం మూసుకుపోయి వరుస చెదిరింది. రెండు పోలరాయిడ్ రేకుల మధ్య పెట్టి చూస్తే తేడా మామూలు కంటికే తెలిసింది.