ముసలితనాన్ని ఆపే వేరు ఉందా?

చైనా సంప్రదాయ వైద్యంలో 'హె షౌ వు' అనే దుంప ఉంది. హె అనే ముసలాయన దీన్ని తింటే నెరిసిన తల మళ్ళీ నల్లబడిందని అక్కడి కథ. దాని పేరు కూడా అలాగే వచ్చింది. కథ బాగానే ఉంది గాని, ఈ దుంప వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు వైద్యులు నమోదు చేశారు. 2006లో బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక కూడా జారీ చేసింది.

దీని చుట్టం 'హు జాంగ్' అనే మరో మొక్క. దాని వేరులో రెస్వెరాట్రాల్ అనే పదార్థం ఉంటుంది. బూజు పట్టినా, గాయమైనా తనను కాపాడుకోవడానికి మొక్క దీన్ని తయారు చేసుకుంటుంది. "యవ్వనాన్నిచ్చే మాత్ర" అని నేడు అమ్ముతున్న వాటిలో చాలావాటికి ముడిసరుకు ఈ వేరే.

తిండి తగ్గిస్తే ఎలుకలు ఎక్కువ కాలం బతుకుతాయని 1930ల నుంచి తెలుసు. కడుపు మాడ్చుకోకుండానే ఆ ఫలితం వస్తే? 2003లో హార్వర్డ్‌లోని డేవిడ్ సింక్లెయిర్ బృందం రెస్వెరాట్రాల్‌తో ఈస్ట్ కణాల ఆయుష్షు పెరిగిందని ప్రకటించింది. 2006లో కొవ్వు తిండి పెట్టిన ఎలుకలకిస్తే, ఇవ్వని వాటికన్నా ఎక్కువ బతికాయి. 2008లో గ్లాక్సో కంపెనీ 72 కోట్ల డాలర్లు పోసి సింక్లెయిర్ స్థాపించిన సంస్థను కొనేసింది!

తర్వాత సంగతి ప్రకటనల్లో కనిపించదు. మామూలు తిండి తినే ఎలుకలపై అమెరికా జాతీయ వృద్ధాప్య సంస్థ పరీక్షిస్తే ఆయుష్షు పెరగలేదు. కేన్సర్ రోగులపై చేస్తున్న పరీక్షలో కొందరికి కిడ్నీలు దెబ్బతినడంతో గ్లాక్సో 2010లో దాన్ని ఆపేసింది. అసలు చిక్కు ఏమిటంటే, మింగిన రెస్వెరాట్రాల్‌ను పేగులు, కాలేయం వెంటనే మార్చేస్తాయి. రక్తంలోకి మారకుండా చేరేది అతి స్వల్పం.

మన వేరుశనగలోనూ ఇది ఉంది. అందుకని సంబరపడకండి మిత్రులారా! 2006లో ఎలుకలకిచ్చింది కిలో బరువుకు రోజుకు 22 మిల్లీగ్రాములు. అదే లెక్కన 60 కిలోల మనిషికి 1,320 మిల్లీగ్రాములు కావాలి. పచ్చి పల్లీ గ్రాములో రెండు మైక్రోగ్రాములు ఉందనుకున్నా, రోజుకు 660 కిలోలు తినాలి.

చైనా వైద్యమంతా వట్టిదని నేననను. మలేరియాకు ఆర్టెమిసినిన్ అక్కడి మొక్కలోంచే వచ్చింది, తూ యూయూకు 2015లో నోబెల్ దక్కింది. అయితే అది మనుషులపై పరీక్షలో నెగ్గిన మందు.

ఉద్యోగాల్లో ఉన్న అన్నలు ఊళ్ళో అమ్మానాన్నలకు ఇలాంటి సీసాలు పంపే ముందు డాక్టరుకు చూపించాలి. రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్ళయితే తప్పనిసరి. లేబుల్ మీద పాలిగోనమ్ కస్పిడేటమ్ అని ఉంటే అది హు జాంగ్. పాలిగోనమ్ మల్టీఫ్లోరమ్ అని ఉంటే కాలేయాన్ని దెబ్బతీసిన ఆ మొదటి దుంప.