ఫర్నేసు దుమ్ములో జింకు ఉంది, సీసమూ ఉంది

విశాఖ ఉక్కుకు బ్లాస్ట్ ఫర్నేసులు ఆధారం. ఇక్కడ గల్ఫ్‌లో జుబైల్, మెసాయీద్, సోహార్ ఫ్యాక్టరీల్లో మాత్రం కరెంటు ఫర్నేసుల్లో ఉక్కు కరిగిస్తారు. ఈ పద్ధతిలో ఒక టన్ను ఉక్కుకు 10 నుంచి 20 కిలోల దాకా సన్నటి దుమ్ము వస్తుంది. దాన్ని ఊడ్చేది, సంచుల్లో నింపేది మన సోదరులే. అందుకే ఈ వారం ఆ దుమ్ము సంగతి చెప్పుకుందాం.

పాత జీఐ రేకులు, కారు డొక్కుల మీద జింకు పూత ఉంటుంది. జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది. ఫర్నేసు వేడి 1600 డిగ్రీలు దాటుతుంది. దాంతో జింకు పొగతో లేచి ఫిల్టరు సంచుల్లో చిక్కుతుంది. సీసం, కాడ్మియం కూడా వెంట వస్తాయి. అందుకే అమెరికా 1980లోనే ఈ దుమ్మును ప్రమాదకర వ్యర్థాల జాబితాలో చేర్చింది.

అయినా ఇది పారేసే సరుకు కాదు. స్క్రాప్ ఎక్కువ వాడే చోట దుమ్ములో ఐదో వంతు, ఒక్కోసారి అంతకు మించి జింకు ఉంటుంది. దీన్ని బొగ్గుపొడితో కలిపి, నెమ్మదిగా తిరిగే పొడవాటి గొట్టపు కొలిమిలో 1200 డిగ్రీల దాకా కాలుస్తారు. జింకు మళ్లీ ఆవిరై, గాలి తగిలి పొడిగా మారుతుంది. ఇదే వేల్జ్ పద్ధతి. ఆ పొడిలో సగానికి పైగా జింకే. శుద్ధి చేశాక అది మళ్లీ రేకుల పూతకు పనికొస్తుంది. ఇనుప ఖనిజం ఎక్కువ వాడే ఫ్యాక్టరీల దుమ్ములో జింకు తక్కువ కాబట్టి అక్కడ అంత గిట్టుబాటు కాదు.

జింకు తక్కువైనా, ఎక్కువైనా దుమ్ముతో జాగ్రత్త తప్పదు. సీసం ఊపిరితోనూ, చేతుల నుంచి నోటిలోకీ పోతుంది. ఎముకల్లో చేరి ఏళ్ల తరబడి ఉంటుంది. కడుపునొప్పి, మలబద్ధకం, నీరసం వస్తే గ్యాస్ అనుకుని మాత్ర మింగి ఊరుకోవద్దు. ఏం పని చేస్తున్నారో డాక్టరుకు చెప్పండి, రక్తంలో సీసం పరీక్ష అడగండి.

బెల్లం తింటే, పాలు తాగితే దుమ్ము పోతుందని మనవాళ్లలో నమ్మకం ఉంది. వాటితో సీసం పోదు. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే చాలదు, ఫిల్టరు మాస్కు కావాలి. పొడి దుమ్మును చీపురుతో ఊడ్చవద్దు. చేతులు, ముఖం సబ్బుతో కడగనిదే అన్నం, సిగరెట్టు ముట్టవద్దు. డ్యూటీ కవరాల్ రూములోకి తేవద్దు, విడిగా ఉతకండి. సెలవుకు వెళ్లేటప్పుడు ఆ బట్టలు, బూట్లు పెట్టెలో సర్దుకోవద్దు. పిల్లలకు సీసం మరీ ప్రమాదం.

చదవడం రాని రూమ్మేట్లకు ఇది చదివి వినిపించాలని మా మనవి.