తడినేలకు ఆంగ్లమున ఎన్ని పేర్లు?

ఆంగ్ల నవలలు చదువు మన పాఠకునకు, కథ తడినేలపైకి రాగానే చిక్కు వచ్చును. బాగ్, ఫెన్, మార్ష్, స్వాంప్, మైర్ – ఏ మాటకు నిఘంటువు తెఱచినను తఱచుగా దొరకు అర్థ మొక్కటే: చిత్తడి నేల. ఇవి పర్యాయపదములని మేమును చాలకాలము తలచితిమి. కాని ఒక్కొక్క మాట ఒక్కొక్క తీరు నేలను చెప్పును.

'బాగ్' గేలిక్ భాషనుండి వచ్చినది. అచట దానికి 'మెత్తన' అని అర్థము. ఈ నేలకు వాననీరే ఆధారము. ఆ నీటిలో ఖనిజలవణములు స్వల్పము, ఆమ్లగుణ మధికము. అందు పెరుగు స్ఫాగ్నమ్ అను నాచు పూర్తిగా కుళ్లక, పొరలు పొరలుగా పేరుకొని, పీట్ అను నల్లని పదార్థ మగును. ఐర్లండు పల్లెవాసులు దానిని కోసి, యెండబెట్టి, పొయ్యిలో వాడుచుండిరి. 'ఫెన్' ప్రాచీనాంగ్ల పదము. ఇచటను పీట్ కలదు. అయితే భూగర్భజలము ఖనిజములను తెచ్చుటచే రెల్లు, తుంగ యేపుగా పెరుగును.

'మార్ష్' నందు చెట్లుండవు, గడ్డి యుండును. డికెన్సు రచించిన 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' కెంటు ప్రాంతపు ఇట్టి నేలమీదనే ఆరంభమగును. చెట్లున్నచో అది 'స్వాంప్'. 'మైర్' స్కాండినేవియనుల మాట. కాలు దిగబడు రొంపి యని భావము. దానికి ముందు 'క్వాగ్' చేరినచో, అడుగిడగానే అదరు నేల యగును. మన ఊబికి ఇది దగ్గర.

ఈ భేదములు పండితుల వినోదమునకు మాత్రమే కావు. తూర్పు ఇంగ్లండులోని ఫెన్ భూములను 17వ శతాబ్దమునుండి కాలువలు త్రవ్వి యెండగట్టి, సాగునకు తెచ్చిరి. పీట్ ఎండినకొలది కుంగును. గాలి సోకి క్రమముగా క్షయించును. హోమ్ గ్రామమువద్ద 1851 ప్రాంతమున, తల నేలకు సమముగా నుండునట్లు పాతిన ఇనుపకంబము నేడు సుమారు 4 మీటర్లు పైకి కనబడుచున్నది. కంబము లేవలేదు, నేలయే దిగినది. భూతలమున నూటికి 3 వంతులే యున్న పీట్ నేలలు, ప్రపంచపు అడవుల వృక్షసంపద యంతటికంటె ఎక్కువ కర్బనమును దాచియున్నవి. అవి యెండినచో ఆ కర్బనము వాయువై పైకి పోవును.

మనకును అడుసు, రొంపి, ఊబి, పఱ్ఱ, మడ అను మాటలు కలవు. ఆంగ్లమున ఇట్టి పదము తగిలినపుడు నీరెచటిది, అచట మొలచున దేమి, కాలెంత దిగును అని శ్రోతలు విచారింతురుగాక. అప్పుడు తగిన తెలుగుమాట తఱచుగా దొరకును. దొరకనిచోట నేల స్వభావమును రెండుమాటలలో విప్పి చెప్పుట మేలు.