ఆరుబయట ఒక రాత్రి

ఎనిమిది తొమ్మిదేండ్ల పిల్లలను ఒక్క రాత్రికి కొండమీదికో తోటలోనికో తీసికొనిపోయి, అక్కడనే వండుకొని తిని, నక్షత్రములు చూచి, ఆరుబయట పరుండి, మరునాటి ఉదయము ఇండ్లకు చేర్చుట కొన్ని పాఠశాలలలో ఏటేట జరుగు వేడుక. ఇట్టి శిబిరములకు మూలము 1907వ సంవత్సరము ఆగస్టులో బేడెన్ పవెల్ ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవిలో సుమారు 20 మంది బాలురతో నడిపిన శిబిరము. స్కౌటు ఉద్యమము దానినుండియే పెరిగినది. చిన్నపిల్లలకు ప్రత్యేకముగా 'కబ్' విభాగము 1916లో ఏర్పడినది. మన దేశమున చిన్న బాలురకు కబ్, చిన్న బాలికలకు బుల్‌బుల్ దళములు నేటికిని కలవు.

పెద్ద బాలుర శిబిరమును కొంత కుదించినంత మాత్రమున అది పసివారి శిబిరము కాజాలదు. దేహము చిన్నదైనప్పుడు కొన్ని లెక్కలు మారిపోవును. వానిలో ముఖ్యమైనది వేడిమి లెక్క.

గుండిగలోని అన్నము చాలసేపు వేడిగా నుండును. దానిలోనుండి విస్తరిలో వడ్డించిన పిడికెడన్నము త్వరలోనే చల్లారును. వస్తువు చిన్నదైనకొలది, దాని బరువుతో పోల్చినచో పైభాగపు వైశాల్యము ఎక్కువగుటయే ఇందుకు కారణము. 70 కిలోల మనిషి చర్మము విప్పి పరచినచో సుమారు 1.8 చదరపు మీటర్లుండును. 25 కిలోల బిడ్డ చర్మము సుమారు 0.9 చదరపు మీటరు. అనగా కిలో బరువునకు పెద్దవానికి 260 చదరపు సెంటీమీటర్ల చర్మముండగా, బిడ్డకు 360 ఉండును. వేడిమి బయటికి పోవు ద్వారము ఈ చర్మమే. అందుచేత ఉపాధ్యాయునకు "కొంచెము చలిగా నున్నది" అనిపించు వేళకు, ప్రక్కనున్న బిడ్డ వణకుచుండవచ్చును. తనకు తోచిన చలినిబట్టి పిల్లలకు దుప్పట్లు నిర్ణయించు పెద్దలు పొరపడుట ఇక్కడనే.

ఉదాహరణకు మదనపల్లె సమీపమున నున్న హార్సిలీ కొండలపై జనవరి నెలలో ఒక శిబిరము జరుగుచున్నదనుకొనవచ్చును. ఏనుగుమల్లమ్మ కొండ దీని పాత పేరు. 1870 ప్రాంతమున కడప కలెక్టరు హార్సిలీ ఇచట వేసవి విడిది కట్టించుకొనగా ఆయన పేరే నిలిచిపోయినది. సముద్రమట్టమునకు దీని ఎత్తు సుమారు 1,265 మీటర్లు. ఎత్తునకు పోయినకొలది, సగటున కిలోమీటరుకు 6.5 డిగ్రీల చొప్పున గాలి చల్లబడును. కావుననే మదనపల్లెలో చొక్కాతో తిరిగిన బిడ్డకు పగలే కొండమీద స్వెట్టరు కావలసివచ్చును. పైగా రాత్రివేళ చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంబడి జారి పల్లములలో నిలుచును. గాలికి చాటుగా ఉన్నదని పల్లపుచోట పడకలు వేయుట మంచిది కాదు. వాలుకు కొంచెము పైగా, పొదల ప్రక్కన చదునుగా నున్న చోటు మేలు.

నిద్రించు బిడ్డ వేడిమి మూడు దిక్కులకు పోవును: క్రింద నేలలోనికి, చుట్టునున్న గాలిలోనికి, పైన ఆకాశములోనికి. మొదటి రెండును అందరికి తెలిసినవే. మూడవదానిని తలచువారు అరుదు. ప్రతి వస్తువును కంటికి కనబడని కిరణములరూపమున వేడిమిని వెలువరించుచునే యుండును. ఇంటిలోనైతే పైకప్పు, గోడలు కూడ అట్లే వెలువరించి చాలవరకు బదులు తీర్చును. నిర్మలమైన ఆకాశము అంతగా తిరిగి ఇయ్యదు. అందుచే ఆరుబయట గడ్డి, దుప్పటి, పిల్లవాని జుట్టు చుట్టునున్న గాలికంటె కూడ చల్లనగును. గాలిలోని నీటి ఆవిరి వానిపై బిందువులై నిలుచును. అదే మంచు. "మంచు కురిసినది" అని అందుమేగాని, అది వానవలె పైనుండి కురియునది కాదు.

ఈ సంగతిని చక్కగా నిరూపించినవాడు లండనులో వైద్యుడుగా నుండిన విలియం చార్లెస్ వెల్స్. 1814లో మంచును గూర్చి ఆయన ప్రకటించిన గ్రంథములోని ప్రయోగము పసిపిల్లలు కూడ చేయదగినంత సులభమైనది. సమాన బరువుగల రెండు దూది ఉండలను తీసికొని (వెల్స్ ఉన్ని వాడెను), నాలుగు రాళ్ళపై నిలిపిన పలకకు ఒకటి పైన, ఒకటి అడుగున అంటించవలెను. గాలి రెంటికిని తగులును. ఆకాశము మాత్రము పైదానికే కనబడును. తెల్లవారి తూచి చూచిన ఏది బరువెక్కునో పిల్లలచేత రాత్రియే పందెము కట్టించి, జవాబు చెప్పక విడిచిపెట్టవలెను.

పలక అడుగునున్న దూదికి కలిగిన రక్షణయే పిల్లలకును కావలెను. నక్షత్రములు చూచుట ముగిసిన పిమ్మట పడకలపైన ఒక టార్పాలిను కట్టుటయో, చెట్టు క్రిందికి పడకలు మార్చుటయో చేసిన సగము చలి తగ్గును. మిగిలిన సగము నేలనుండి వచ్చునది. కప్పుకొను దుప్పటి వెచ్చగా నుంచుటకు కారణము దాని పోగులమధ్య చిక్కుకొన్న గాలి. క్రింద పరచిన దుప్పటి బిడ్డ బరువునకు అణగిపోయి ఆ గాలిని కోల్పోవును. కాబట్టి అడుగున నీరు దిగని టార్పాలిను, దానిపై జానెడు మందమున వరిగడ్డి, ఆ పైన జంపఖానా ఉండవలెను. నీరు గాలికంటె ఇరువదిరెట్లకు మించి వేడిమిని ప్రవహింపజేయును. చెమటకో మంచుకో తడిసిన బట్టతో పరుండనీయరాదు. ఆటలాడిన చొక్కాను విప్పించి పొడి చొక్కా తొడిగించుట అదనపు దుప్పటికంటె మేలు చేయును. గొల్లవారి గొంగళి ఈ పనికి ఏ ఖరీదైన పరికరమునకును తీసిపోదు.

చలిగా నున్నదని గుడారములోనికి బొగ్గుల కుంపటి తెచ్చుట మాత్రము ఎన్నటికిని కూడదు. మండియు మండని బొగ్గునుండి కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగులేదు, వాసనలేదు. అది రక్తములోని హీమోగ్లోబినును ఆక్సిజనుకంటె రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. నిద్రించువాడు మేలుకొనకయే ప్రాణము కోల్పోవును.

రెండవ అపాయము కట్లపాము. ఇది రాత్రివేళ సంచరించును. నేలపై పరుండినవారి ప్రక్కలోనికి వచ్చును. దీని కాటు ఒక్కొక్కప్పుడు చీమకుట్టినంతైనను నొప్పి పెట్టదు. గంటలు గడచిన పిదప రెప్పలు వాలును, మాట ముద్దగును, ఊపిరి కష్టమగును. తెల్లవారుజామున బిడ్డ కడుపునొప్పి అని లేచి, రెప్పలు ఎత్తలేకపోయినచో రాత్రి తిన్న తిండిని అనుమానించుచు కూర్చుండరాదు. కాటు గుర్తు కనబడకున్నను, కోయక, కట్టు బిగింపక, నడిపింపక, కదలనీయక ఆసుపత్రికి చేర్చవలెను. త్రాచు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అను నాలుగింటి విషమునకును పనిచేయు ఒకే మందు ఆసుపత్రులలో దొరకును. ఆ మందున్న ఆసుపత్రి ఏది, అక్కడికి చేర్చు బండి ఏది అను రెండు ప్రశ్నలకు జవాబు లేనిచో శిబిరమునకు బయలుదేరనే కూడదు. నివారణ సులభమే. గడ్డిని పగటి వెలుగులో దులిపి పరచి, ప్రతి పడకకు దోమతెర కట్టి, దాని అంచులను జంపఖానా క్రిందికి దోపవలెను. దోమతెరలో పరుండువారికి పాముకాటు తక్కువని నేపాలులో జరిగిన పరిశీలనలో తేలినది.

ఇన్ని జాగ్రత్తలును దేనికొరకో ఆ ఆకాశమును తీరికగా చూడనీయవలెను. దీపములార్పిన వెంటనే పిల్లలకు ఏమియు కనబడదు, భయమగును. కంటిలో మసక వెలుతురును గ్రహించు దండకణములు పూర్తిగా మేలుకొనుటకు 20 నుండి 30 నిమిషములు పట్టును. ఒక్కసారి టార్చి వేసిన మరల మొదటికి వచ్చును. టార్చికి ఎర్ర గాజుకాగితము చుట్టినచో ఆ బాధ చాలవరకుండదు. (అందరికి కనబడుచున్న దారిలో ఒక్క బిడ్డ తడబడుచున్న, అది రేచీకటి కావచ్చును, విటమిన్ ఎ లోపము సంగతి వైద్యునికి చూపి తెలిసికొనవలెను.) జనవరి మధ్యలో రాత్రి ఎనిమిదింటికి కృత్తికలు, అనగా మన పల్లెటూళ్ళ పిల్లలకోడి, ఇంచుమించు నడినెత్తిన ఉండును. దానికి తూర్పుగా గొల్లకావిడి. కావిడి మూడు చుక్కల గీతను ఆగ్నేయముగా సాగించిన మిక్కిలి కాంతిగల మృగవ్యాధ నక్షత్రము తగులును. దాని వెలుగు మనను చేరుటకు 8.6 ఏండ్లు పట్టును. మూడవ తరగతి పిల్లలకు ఈ అంకె చెప్పి ఊరకుండిన చాలు. ఆ వెలుగు తాను పుట్టిన రోజులలో బయలుదేరినదని ఎవరో ఒకరు లెక్కకట్టి కేక వేయుదురు.

అర్ధరాత్రి దూరపు రైలుకూత, నక్కల ఊళ ప్రక్కనే ఉన్నట్లు వినబడును. నేలనంటిన గాలి చల్లనై, పైగాలి వెచ్చగా నున్నపుడు పైకి పోవలసిన శబ్దము క్రిందికి వంగి దూరము ప్రయాణించుటే ఇందుకు కారణము. ఈ సంగతి పరుండుటకు ముందే చెప్పిన బిడ్డకు నక్క దూరముననే నిలిచిపోవును.

సాధారణముగా ఉపాధ్యాయులు పదిగంటలవరకు పిల్లల దుప్పట్లు సవరించి, అలసి నిద్రపోవుదురు. కాని నేల రాత్రియంతయు వేడిమిని కోల్పోవుచునే యుండును. అత్యంత చలివేళ అర్ధరాత్రి కాదు, సూర్యోదయ సమయము. సరిగా అప్పటికే పిల్లల దుప్పట్లు కాళ్ళదగ్గర పోగుపడియుండును. కావున పెద్దలు వంతులవారిగా నిద్రించి, నాలుగు గంటలకు ఒకరైనను లేచి ప్రతి పడకను చూడవలెను. ఆరుగురు పిల్లలకు ఒక పెద్దయైనను లేనిచో ఈ పని సాగదు. ఊరక వణకువానికి పొడిబట్ట, వెచ్చని పాలు చాలును. వణకు ఆగి, మగతగా, మాట తడబడుచున్న బిడ్డను ఒంటికి హత్తుకొని కంబళి కప్పి వెంటనే వైద్యునికడకు తీసికొనిపోవలెను.

అయిదింటికి లేచినవారికి సప్తర్షులు ఉత్తరాకాశమున ఎత్తుగా కనబడును. వాని మొదటి రెండు చుక్కల గీత వెంబడి దిగిన ధ్రువుడు దొరకును. చాచిన చేతి పిడికిలి సుమారు పది డిగ్రీలు. పిల్లల పిడికిలి చిన్నదైనను చేయియు పొట్టిదే గనుక లెక్క చెడదు. హార్సిలీ కొండపై ధ్రువుడు దిగంతమునకు పిడికిలిన్నర ఎత్తున ఉండును, ఏలయన ఆ చోటి అక్షాంశము సుమారు పదమూడున్నర డిగ్రీలు. పొయ్యిమీద నీళ్ళు మరుగునపుడు ఉష్ణమాపకము ముంచిన 100 కాక సుమారు 96 చూపును. పప్పు ఆలస్యముగా ఉడుకును గాని, ఆ మరుగుటతోనే త్రాగునీటిలోని రోగక్రిములు నశించును. ఇక సూర్యుడు ఆరుముప్పావు ప్రాంతమున తొంగిచూడకముందే, ఎండకు మంచు ఆరిపోకముందే, పలకకడకు పోయి దూది ఉండలను తక్కెడలో వేయవలెను.