కోటికి ఒక్కటి తక్కువ

పసుపు రంగు ప్లాస్టిక్ వీడియో గేమ్ క్యాసెట్. దానిమీద మారియో, తుపాకీ పట్టిన కాంట్రా వీరులు, ఎవరో కుంగ్‌ఫూ మనిషి అందరూ కలిసి పెళ్లి ఫొటో దిగినట్టు ఒక బొమ్మ. కింద పెద్ద అక్షరాల్లో ‘9999999 ఇన్ 1’. అంటే కోటికి ఒక్కటి తక్కువ. రోజుకు వంద ఆటల చొప్పున ఆడినా 270 ఏళ్లు దాటుతుంది. తీరా మెనూ కిందికి దించుకుంటూ పోతే ఆ నాలుగైదు ఆటలే తిరిగి తిరిగి వచ్చేవి. రెండో లెవెల్ నుంచి మొదలయ్యే మారియో ఒక ఆట, మూడో లెవెల్ నుంచి మొదలయ్యేది ఇంకో ఆట! వీడియో గేముల చరిత్రలో అతి పెద్ద అబద్ధానికి బహుమతి ఇవ్వాల్సి వస్తే నా ఓటు ఆ లేబుల్‌కే.

చోడవరం, నర్సీపట్నం బజార్ల మీదుగా రోలుగుంట లాంటి ఊళ్లకు చేరిన ఈ క్యాసెట్లలో అసలు విశేషం మారియో కాదు, కాంట్రా కాదు. వాటికోసం మనం చకచకా దాటేసిన మిగతా పేర్లు.

ఆ డబ్బా ఎవరిది?

జపాన్‌లో నింటెండో కంపెనీ 1983 జూలై 15న ‘ఫ్యామిలీ కంప్యూటర్’ అనే వీడియో గేమ్ యంత్రాన్ని అమ్మకానికి పెట్టింది. దాని పని మెమరీ 2 కిలోబైట్లు. 1990ల్లో మన ఇళ్లలో టీవీకి తగిలించినవి చాలావరకు దాని నకళ్లే. క్యాసెట్ అడుగున పిన్నులు లెక్కపెడితే గుట్టు తెలిసిపోతుంది. జపాన్ వాటికి 60, అమెరికాలో అమ్మిన వాటికి 72. మనవి 60 పిన్నులవి. క్యాసెట్ విప్పి చూస్తే పెద్ద చిప్పుల బదులు పచ్చటి బోర్డు మీద నల్లటి జిగురు చుక్క ఒకటి గట్టిపడి ఉంటుంది. కోటి ఆటల ఖజానా ఆ చుక్క కిందే. నకలు చేసినవాళ్లు చాలాచోట్ల తెరమీద కంపెనీ పేరు కూడా చెరిపేశారు. దాంతో ఎవరు చేసిన ఆటో తెలియకుండానే ఒక తరం ఆడేసింది.

బెలూన్ల వెనక పెద్దమనిషి

‘బెలూన్ ఫైట్’ గుర్తుందా? వీపున రెండు బెలూన్లు కట్టుకుని చేతులు ఆడిస్తూ గాల్లో తేలే పిల్లాడు, కాస్త కిందికి దిగితే నీళ్లలోంచి నోరు తెరిచే చేప. ఆ ఆట ప్రోగ్రాం రాసిన సతోరు ఇవాటా 2002లో నింటెండో కంపెనీకే అధ్యక్షుడయ్యాడు. ఆ తేలే కదలిక అంత మెత్తగా ఎలా వచ్చిందో మారియో బృందం ఆయన్నే అడిగి తెలుసుకుంది. మారియో నీళ్లలో ఈదే లెవెళ్లకు అది పనికొచ్చింది. కార్ల ఆట ‘ఎఫ్ 1 రేస్’ ప్రోగ్రాం కూడా ఆయనదే. మన క్యాసెట్లో ఈ రెండూ మెనూలో ఎక్కడో అడుగున పడి ఉండేవి.

నన్నడిగితే అందరికన్నా ఎక్కువ అన్యాయం జరిగింది ‘బైనరీ ల్యాండ్’కు. ఫ్యామిలీ కంప్యూటర్‌కు దాన్ని 1985లో తెచ్చింది హడ్సన్ సాఫ్ట్. నడుమ గోడ, చెరోవైపు ఒక పెంగ్విన్. మీట ఎడమకు నొక్కితే ఒకటి ఎడమకు, రెండోది కుడికి పోతుంది. ఇద్దరూ పైనున్న గుండె గుర్తు దగ్గరికి ఒకేసారి చేరాలి. దారిలో సాలెపురుగులు. ఒకదాన్ని గూట్లోంచి తప్పిస్తుంటే రెండోది అవతల ఇరుక్కుంటుంది. కాల్పులు లేవు, గుద్దులాటలు లేవు, అందుకే పిల్లలు రెండు నిమిషాల్లో రీసెట్ బటన్ నొక్కేవారు. ఇప్పుడు ఆడి చూడండి, పదో నిమిషానికి బుర్ర వేడెక్కుతుంది.

ఇక నామ్‌కో వారి ట్యాంకుల ఆట ‘బ్యాటిల్ సిటీ’ (1985). ఆడినవాళ్లు లక్షల్లో ఉంటారు, మొదటి తెరలో ‘కన్‌స్ట్రక్షన్’ అన్న మాటను నొక్కినవాళ్లు తక్కువ. అక్కడ ఇటుకలు, ఇనుము, నీళ్లు మనకు నచ్చినట్టు పేర్చుకుని సొంత లెవెల్ కట్టుకోవచ్చు. దాచుకునే వీలు మాత్రం లేదు. కరెంటు పోతే కోట కూలినట్టే. మన ఊళ్లలో కోటలు ఎన్ని కూలాయో వేరే చెప్పాలా!

అతి చిన్నవి

మొదటి ‘సూపర్ మారియో బ్రదర్స్’ మొత్తం 40 కిలోబైట్లు. 32 లెవెళ్లు, పాటలు, బొమ్మలు అన్నీ కలిపి. తెల్లారేసరికి ఫోన్లో వచ్చిపడే ఒక్క శుభోదయం బొమ్మ దానికన్నా బరువు. నామ్‌కో ‘గెలాక్సియన్’ అయితే 16 కిలోబైట్లే. అంతకు ముందుతరం యంత్రం అటారీ 2600 (1977) పని మెమరీ 128 బైట్లు, కిలోబైట్లు కాదు. మార్చుకునే క్యాసెట్లతో వచ్చిన మొదటి ఇంటి యంత్రం 1976 నాటి ఫెయిర్‌చైల్డ్ ఛానెల్ ఎఫ్. దాని వెనక ఉన్న బృందాన్ని నడిపిన నల్లజాతి ఇంజనీరు జెర్రీ లాసన్ పేరు చాలాకాలం ఎవరికీ పట్టలేదు.

మట్టిలోంచి, వేలంలోంచి

ఐదు వారాల్లో హడావుడిగా తయారుచేసి 1982 క్రిస్మస్‌కు వదిలిన అటారీ ఆట ‘ఈటీ’ బోల్తాపడింది. మిగిలిపోయిన సరుకుతో కలిపి దాన్ని 1983లో న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్తదిబ్బలో పూడ్చారు. ఇది కట్టుకథేనని చాలామంది కొట్టిపారేశారు. 2014 ఏప్రిల్ 26న తవ్వితే నిజంగానే బయటపడ్డాయి. తీసినవి 1,300 దాకా ఉంటే, వాటిలో ఒక ఈటీ క్యాసెట్ స్మిత్‌సోనియన్ మ్యూజియంకు చేరింది.

అటారీకే వచ్చిన ‘ఎయిర్ రెయిడ్’ అనే అనామక ఆట పెట్టె, పుస్తకంతో సహా 2012లో 33 వేల డాలర్లు దాటి పలికింది. సీలు విప్పని మారియో క్యాసెట్ ఒకటి 2021లో 20 లక్షల డాలర్లకు, అంటే దాదాపు 15 కోట్ల రూపాయలకు పోయింది. ఈ ధరలు గిరాకీ వల్ల వచ్చాయా, ఎవరైనా ఊదరగొట్టి పెంచారా అన్న అనుమానం సేకర్తల్లోనే ఉంది. నాకూ ఉంది.

రికార్డులకూ దొంగ బతుకు తప్పలేదు. ‘డ్రాగ్‌స్టర్’ అనే కారు పందెం ఆటలో 5.51 సెకన్ల రికార్డు మూడున్నర దశాబ్దాలు నిలిచింది. చివరకు ప్రోగ్రాం విప్పి లెక్కలు వేస్తే ఆ వేగం కుదరదని తేలి 2018లో కొట్టేశారు.

మీ అటక మీద ఉంటే

పాత ఆటల సంగతి ఇంకా తమాషా. అమెరికాలో 2010కి ముందు వచ్చిన ఆటల్లో 87 శాతానికి మామూలుగా కొనుక్కునే దారే లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తేల్చింది. అధికారికంగా వచ్చినవాటి గతే ఇది. మన పసుపు క్యాసెట్ల లెక్క రాసిపెట్టేవాళ్లెవరు?

రోలుగుంటలో కానీ, ఇంకెక్కడైనా కానీ మీ అటక మీద అలాంటి డబ్బా దొరికితే పాత సామాన్లవాడికి కిలోల్లెక్కన వెయ్యకండి. క్యాసెట్‌లో నోటితో ఊదకండి. మనమంతా చేసింది అదే, కానీ నోటి తేమకు పిన్నులు చిలుం పడతాయి. చెవులు తుడుచుకునే దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కాస్త తడిపి పిన్నులు తుడిచి, పూర్తిగా ఆరాక పెట్టండి. మెనూ వచ్చిందంటే పై నుంచి కింది దాకా ఒక్కో పేజీ ఫోన్లో ఫొటో తీసి ఉంచండి. ఆ తర్వాత మారియోను వదిలేసి ముందు పెంగ్విన్ల ఆట వెతకండి.