వార్తాప్రామాణ్యము: సోవియట్ సమాఖ్యానంతర దేశముల నిదర్శనము

ఆప్తుని యుపదేశమే శబ్దప్రమాణమని న్యాయశాస్త్రము చెప్పుచున్నది. ఆప్తుఁడనఁగా నెవఁడు? వస్తువును ఉన్నదున్నట్లు తా నెఱిఁగి, యెఱిఁగినదానిని ఎఱిఁగినట్లే యితరులకుఁ దెలుపఁగోరువాఁడని వాత్స్యాయనుని న్యాయభాష్యమువలనఁ దెలియుచున్నది. ఈ లక్షణము ఋషులకును, ఆర్యులకును, మ్లేచ్ఛులకును సమానమే యని భాష్యకారుఁడు చేర్చుట గమనింపఁదగినది. అనఁగా, చెప్పువాఁడు స్వజనుఁడా పరుఁడా యను ప్రశ్నకు ప్రామాణ్యవిచారమునఁ జోటు లేదు. శాస్త్రమున నింత సుకరముగాఁ దేలిన విషయము లోకవ్యవహారమున నెట్లు చిక్కుపడునో తెలిసికొనుటకు, 1991 డిసెంబరులో సోవియట్ సమాఖ్య రద్దయినపిదప స్వతంత్రములైన పదునైదు దేశముల వార్తాచరిత్ర మంచి నిదర్శనము. అచ్చటి ప్రజలు మాస్కోనుండి వచ్చు వార్తలను నమ్ముదురా, లేక లండను, వాషింగ్టను మొదలగు పాశ్చాత్యస్థానములనుండి వచ్చు వార్తలను నమ్ముదురా యని పరిశోధకులు చాలకాలముగా నడుగుచున్నారు. ప్రశ్న యీ రూపమున నుండుటయే కొంత లోపముగాఁ గన్పట్టుచున్నది.

పూర్వరంగము కొంత తెలియనిదే నేఁటి స్థితి బోధపడదు. రష్యను భాషలో 'ప్రావ్దా' యనఁగా సత్యము. 'ఇజ్వెస్తియా' యనఁగా వార్తలు. 1912లో వెలసిన ప్రావ్దా కమ్యూనిస్టు పక్షమువారి పత్రిక; 1917లో వెలసిన ఇజ్వెస్తియా సోవియట్ ప్రభుత్వమువారిది. 'సత్యము'నందు వార్తలు లేవు, 'వార్తల'యందు సత్యము లేదు అని యచ్చటి జనులు శ్లేషగాఁ జెప్పుకొనుచుండిరి. ఇది వట్టి పరిహాసము కాదు. ఆ దేశమున నక్షరాస్యులు కానివారు మిక్కిలి యరుదు. పత్రికలు లక్షలకొలఁది ప్రతులు వెలువడుచుండెను. అట్టి చదువరులు పత్రికను వాచ్యార్థమునఁ గాక వ్యంగ్యార్థమునఁ జదువ నేర్చిరి. నాయకుల పేళ్లలో నెవరిది ముందు వచ్చినది, ఎవరిది వెనుకకుఁ బోయినది, ఏ ఛాయాచిత్రమున నెవరు లోపించిరి యనునవే యసలు వార్తలు. 1982 నవంబరు 10వ తేదీన బ్రెజ్నేవు మరణించెను. ఆ సంగతి మఱునాఁడు గాని ప్రకటింపఁబడలేదు. అయినను ఆనాఁటి సాయంకాలమే టెలివిజనులో వినోదకార్యక్రమములు మాని గంభీరసంగీతము వినిపింపఁగా, ఎవరో పెద్దవారు పోయిరని జనులు గ్రహించిరి. 1991 ఆగస్టు 19వ తేదీన కుట్రదారులు గోర్బచేవును నిర్బంధించి యధికారమును గైకొనఁ జూచినపుడు టెలివిజనులో 'హంసల సరస్సు' నృత్యనాటకము పదేపదే చూపఁబడెను. దాని యర్థమును వివరింప నెవ్వరికిని వ్యాఖ్యాత యక్కఱలేకపోయెను. ఆలంకారికులు వ్యంజనావృత్తిని కావ్యమునకుఁ జెప్పిరి గాని దినవార్తకుఁ జెప్పియుండలేదు!

మఱియొకవైపున విదేశపు రేడియోలు ఉండెను. బి.బి.సి. వారు 1946లోను, వాయిస్ ఆఫ్ అమెరికా వారు 1947లోను రష్యను భాషలోఁ బ్రసారముల నారంభించిరి. నేఁడు రేడియో లిబర్టీ యను పేరఁ బ్రసిద్ధమైన కేంద్రము 1953 మార్చి 1వ తేదీన మ్యూనిక్ నగరమునఁ బని మొదలుపెట్టెను. సోవియట్ అధికారులు వీనిని 'శత్రుస్వరము'లనుచు, అవి వినఁబడకుండ నదే తరంగముపై ఘోషను వెలువరించు యంత్రములను నెలకొల్పిరి. జనులు శత్రుశబ్దమును విడిచి వానిని వట్టి 'స్వరము'లని పిలుచుకొనిరి. రేడియో లిబర్టీపై నీ ఘోష 1988 నవంబరు వఱకు నాఁగలేదు. ఈ కేంద్రములు నిర్లిప్తులైన తపస్వులు నడపినవి కావు. రేడియో లిబర్టీకి 1970 ప్రాంతము వఱకు ధనమిచ్చినది అమెరికా గూఢచారశాఖయగు సి.ఐ.ఏ.; అదియు రహస్యముగా. పరప్రభుత్వమేదో వెనుక నున్నదని వినువారు ఊహింపకపోలేదు. అయినను రాత్రులయందు తలుపులు మూసికొని వినిరి. తమ యూరి సంగతి తమకుఁ జెప్పువాఁడు వేఱొకఁడు లేకపోవుటయే యందులకుఁ గారణము.

ఇందులకు 1986 సంవత్సరపు సంఘటన మొకటి చాలును. ఏప్రిలు 26వ తేదీ నడిరేయి దాఁటినపిదప ఉక్రెయినులోని చెర్నోబిల్ అణువిద్యుత్కేంద్రమున విస్ఫోటము జరిగెను. రెండుదినములు దేశమున నెవ్వరికిని బహిరంగముగాఁ దెలుపఁబడలేదు. 28వ తేదీ యుదయమున స్వీడను దేశపు ఫోర్స్‌మార్క్ కేంద్రమున నొక యుద్యోగి పాదరక్షలకంటిన ధూళియందు రేడియోధార్మికత కనిపెట్టఁబడి, స్వీడనువారు ప్రశ్నింపఁగా, ఆ సాయంకాలము మాస్కోలోని తాస్ వార్తాసంస్థ నాలుగైదు వాక్యముల ప్రకటనను వెలువరించెను. చెర్నోబిలునకు సుమారు నూఱు కిలోమీటర్ల దూరమున నున్న కీవ్ నగరమున మే 1వ తేదీ యుత్సవపు టూరేగింపు యథాప్రకారముగ నడచెను. పిల్లలు కూడ నందుఁ బాల్గొనిరి. గోర్బచేవు టెలివిజనులో మాటలాడినది మే 14వ తేదీన. ఈ పదునెనిమిది దినములలో నేమి తినవచ్చును, పిల్లలను వీథిలోనికిఁ బంపవచ్చునా యను ప్రశ్నలకు సమాధానము కావలసిన తల్లిదండ్రులు విదేశస్వరముల నాశ్రయించిరి. ఏది యాప్తవాక్యమో యచ్చటి జనులు నేర్చుకొన్నది సిద్ధాంతచర్చవలనఁ గాదు, ఇట్టి దినములవలన. గోర్బచేవు ప్రచారము చేసిన 'గ్లాస్నొస్త్' శబ్దము స్వరార్థకమగు ధాతువునుండి పుట్టినది. దానిని బహిరంగత యని తెనిఁగించుచున్నారు గాని, 'వినఁబడునట్లు పలుకుట' యనుట మూలమునకు దగ్గఱ. 1990 జూనులో వచ్చిన పత్రికాచట్టమువలన ముందస్తు పరిశీలన తొలఁగెను. మఱుసటి సంవత్సరము సమాఖ్యయే తొలఁగెను.

తరువాత పదునైదు దేశముల త్రోవలు వేఱువేఱయ్యెను. మాస్కో టెలివిజను ప్రసారములు మాత్రము చాలచోట్ల నాఁగలేదు. రష్యను భాష వారందఱకును దెలిసిన భాష. ఆ ప్రసారములు ధనసంపన్నములు, మనోహరములు. వీనితోఁ బోల్చిన స్థానికప్రసారములు పేదవి. నాటకమునకు, పాటకు, హాస్యమునకుఁ గూర్చున్నవాఁడే వార్తలకును గూర్చుండును. కిర్గిజిస్థాను, తజికిస్థానులలో నింకొక కారణము కలదు. తజికిస్థాను, కిర్గిజిస్థానులనుండి లక్షలకొలఁది జనులు రష్యాకుఁ గూలికిఁ బోవుదురు. తజికిస్థానునకు వారు పంపు ధనము కొన్ని సంవత్సరములలో దేశాదాయమున సగమునకు దగ్గఱగా నుండెను. కుమారుఁడు మాస్కోలో నిల్లు కట్టు పనిలో నున్నవేళ, రష్యాలో రూబులు విలువ పడినదా, వలసచట్టము మాఱినదా యనునది తల్లికి విదేశవార్త కాదు, ఇంటివార్త. ఇట్టిచోట రష్యను వార్తలయెడఁ గన్పట్టు విశ్వాసమును రాజకీయాభిమానముగా లెక్కించుట తొందరపాటు. 2024 మార్చిలో మాస్కో సమీపమున క్రోకస్ సభామందిరముపై దాడి జరిగి, తజికిస్థానువారు నిందితులు కాఁగా, రష్యాలో వలసకూలీలపైఁ దనిఖీలును బహిష్కారములును హెచ్చెను. అప్పుడు ఆ తల్లి చూచిన తెరపై ననుమానితులుగాఁ గన్పడినవారు తన బిడ్డవంటివారే.

బాల్టికు దేశములలో స్థితి వేఱు. ఎస్తోనియా, లాత్వియాలలో జనసంఖ్యయందు గణనీయమైన భాగము రష్యను మాతృభాషగాఁ గలవారు. 2007 ఏప్రిలులో తాలిన్ నగరమున సోవియట్ సైనికుని కంచువిగ్రహమును కదలించినపుడు అల్లర్లు చెలరేఁగెను. ఒకే నగరమున నిరుగుపొరుగువారు రెండు వేఱు లోకముల వార్తలు వినుచున్నట్లు అందఱికిని దెల్లమయ్యెను. అయినను ఎస్తోనియా ప్రజాప్రసారసంస్థ రష్యను భాషలోఁ బ్రత్యేకమైన టెలివిజనును దెఱచినది 2015 సెప్టెంబరులో. స్వాతంత్ర్యము వచ్చిన యిరువదినాలుగు సంవత్సరములకు. తమ భాషలోఁ బలుకని ప్రభుత్వమును నమ్మలేదని యా ప్రజలను నిందించుట న్యాయము కాదు.

పరప్రచారమువలన నే కాక స్వజనులవలనను విశ్వాసము నశించుననుటకు జార్జియా, ఆర్మీనియాలు సాక్ష్యములు. 2008 ఆగస్టులో రష్యాతో యుద్ధము చేసిన జార్జియాలో మాస్కో వార్తలను నమ్మువారు సహజముగా స్వల్పసంఖ్యాకులు. కాని 2010 మార్చి 13వ తేదీ రాత్రి, అచ్చటి ఇమేది యను టెలివిజను, రష్యా సేనలు మరల దండెత్తి వచ్చుచున్నవనియు, దేశాధ్యక్షుఁడు హతుఁడయ్యెననియు సుమారు అరగంట చూపెను. ఇది కల్పితమని మొదట నొక్కమాట చెప్పిరఁట; తెరపై నట్టి సూచన నిలుపలేదు. జనులు వీథులఁ బడిరి, టెలిఫోనులు స్తంభించెను. ఆ రాత్రి జార్జియా వార్తలకుఁ గలిగిన హాని శత్రువు ప్రయత్నించియు చేయలేనిది. ఆర్మీనియాలో 2020 సెప్టెంబరు 27వ తేదీనుండి నలువదినాలుగు దినములు కరాబాఖు యుద్ధము జరిగెను. సైనికశాసనమువలన నధికారులు చెప్పిన సమాచారమునకు విరుద్ధముగా వ్రాయుట నిషిద్ధము. 'జయింతుము' అను నర్థము గల నినాదము ప్రతి ప్రకటనయందును వినఁబడుచుండెను. నవంబరు 10వ తేదీ తెల్లవాఱునప్పటికి ఓటమిపత్రముపై సంతకములైనట్లు తెలియవచ్చెను. నిన్నటి రాత్రి వఱకు విజయవార్త వినినవాఁడు మఱునాఁ డెవరిని నమ్మును?

ఉక్రెయిను సంగతి మఱింత విచారింపవలసినది. 2014లో క్రిమియా రష్యా వశమైనపిదప కీవ్ ప్రభుత్వము రష్యా టెలివిజనులను నిషేధించెను. 2017లో రష్యా సామాజికజాలములను గూడ నిషేధించెను. 2022 ఫిబ్రవరి 24వ తేదీన మహాయుద్ధ మారంభమైన వెంటనే ప్రధాన టెలివిజనులన్నియుఁ గలిసి యొక్కటే వార్తాధారను నడపఁజొచ్చెను. కీవ్ అంతర్జాతీయ సమాజశాస్త్రసంస్థవారి గణనమునుబట్టి, దీనిని నమ్ముచున్నామనినవారు 2022 మే నెలలో నూటికి 69 మంది. 2023 డిసెంబరులో 43. 2024 ఫిబ్రవరిలో 36. ఈ తగ్గుదలను మాస్కోపై మోజుగా భావించుట పొరపాటు. యుద్ధపు తొలిమాసములలో ధైర్యవచనము కావలసినవారికి రెండవ సంవత్సరమున యథార్థవచనము కావలసివచ్చెను. తన కుమారుని దళమెచ్చట నున్నదో, ఊరెందులకుఁ బోయినదో తెలిసికొనఁగోరువారు టెలిగ్రాము మొదలగు సాధనముల నాశ్రయించిరి. అచ్చట సత్యమును వదంతియుఁ బక్కపక్కనే యుండును.

ఇట్టి గణనములను గుఱించియు నొకమాట చెప్పవలసియున్నది. వినుట వేఱు, నమ్ముట వేఱు; నమ్ముచున్నామని పరాయివానికిఁ జెప్పుట యింకను వేఱు. రష్యాలో 2022 మార్చి 4వ తేదీ చట్టము ప్రకారము సైన్యమును గుఱించి 'అసత్య'మనఁబడు సమాచారమును వ్యాపింపఁజేసినవానికి పదునైదు సంవత్సరముల వఱకు ఖైదు. 1990లో పుట్టిన 'ఎహో మాస్క్వీ' రేడియో ఆ దినములలోనే మూయఁబడెను. 2020 ఆగస్టులో బెలారూసు ప్రభుత్వ టెలివిజను నుద్యోగులు పలువురు ఎన్నికల యక్రమములకు నిరసనగా పని మానఁగా, వారి స్థానమున రష్యానుండి వార్తానిపుణులు రప్పింపఁబడిరి. దేశాధ్యక్షుఁడే దానిని బహిరంగముగ నొప్పుకొనెను. ఇట్టిదేశములలో నపరిచితుఁడు టెలిఫోనులో నడిగినపుడు వచ్చు సమాధానము విశ్వాసమునకుఁ గొలతయో, జాగ్రత్తకుఁ గొలతయో నిర్ణయింపలేము. తుర్క్‌మెనిస్థానులో నడుగుటకే వీలు లేదు.

పాశ్చాత్యవార్తలయెడ విశ్వాసమును సందేహరహితము కాదు. 2022 మార్చి 2వ తేదీన ఐరోపా సమాఖ్య రష్యా ప్రభుత్వముచే 2005లో స్థాపింపఁబడిన ఆర్.టి.ని, 2014లో స్థాపింపఁబడిన స్పుత్నికును నిషేధించెను. యుద్ధకాలమున దానికిఁ గారణములు కలవు; అయినను పత్రికాస్వాతంత్ర్యమును బోధించినవారే నిషేధించిరన్న మాట మధ్యాసియాలోఁ బలుమాఱు వినఁబడినది. రష్యా ప్రభుత్వమునకు విరోధియై ప్రవాసమున లాత్వియానుండి ప్రసారము చేయుచుండిన 'దోజ్ద్' టెలివిజను అనుమతిని 2022 డిసెంబరులో నా దేశమే రద్దుచేసెను; ఆ టెలివిజను పిదప నెదర్లాండ్సునకుఁ దరలిపోయెను. కిర్గిజిస్థానులో 2022 అక్టోబరున రేడియో లిబర్టీవారి కిర్గిజు శాఖ 'అజత్తిక్' పుటలు నిరోధింపఁబడెను. తజికిస్థానుతో జరిగిన సరిహద్దు పోరాటమును గుఱించిన దృశ్యప్రసారమున నెదుటిపక్షపు మాటయు వినిపించిరనునది ఆరోపణ. 2023 ఏప్రిలులో న్యాయస్థానము దానిని మూయించి, జూలైలో మరల ననుమతించెను. రెండుపక్షముల మాట చెప్పుట ఆప్తలక్షణమని యొకరును, ద్రోహమని మఱియొకరును దలఁచు చోట వార్తాహరుని పని యెంత కష్టమో దీనివలనఁ దెలియును.

ఇంతలో 2025 మార్చి 14వ తేదీన అమెరికా అధ్యక్షుని యాజ్ఞవలన నా దేశపు విదేశప్రసారశాఖ కుదింపఁబడెను. మఱునాఁడు వాయిస్ ఆఫ్ అమెరికా ఉద్యోగులు పని మాన్పింపఁబడిరి. రేడియో లిబర్టీకి ధనము నిలుపఁబడి వివాదము న్యాయస్థానముల కెక్కెను. ముప్పదియైదు సంవత్సరములు సోవియట్ యంత్రఘోష యాఁపలేకపోయిన ప్రసారమును ధనమిచ్చినవారి యొక్క సంతకము సంకటమునఁ బడవేసెను. మే నెలలో ఐరోపా సమాఖ్య రేడియో లిబర్టీకి 55 లక్షల యూరోలు తాత్కాలికసాయముగాఁ బ్రకటించెను. తుర్క్‌మెను భాషలో స్వదేశవార్తలను ప్రభుత్వాధీనము కాక చెప్పు కొలఁది సాధనములలో నా సంస్థవారి 'అజత్లిక్' ముఖ్యమైనది.